స్థిర వెబ్‌సైటులో ఫైళ్ల దారులు



ఒక వెబ్ పుటను హెచ్‌టిఎంఎల్‌లో ఎలా రాయాలో మీలో చాలామందికి ఇప్పటికే తెలుసు. ఆ పుటలోకి బొమ్మలు, శైలి ఫైళ్లు, అక్షర రూపాలు ఎలా వచ్చి చేరతాయో, ఒక్కోసారి ఎందుకు రాకుండా పోతాయో ఈ పాఠంలో తెలుసుకుందాం. విషయం చిన్నదిగానే కనిపిస్తుంది. కాని మొదటిసారి వెబ్‌సైటు తయారుచేసి పదిమందికి చూపించబోయిన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

ముందుగా ఒక మాట. ఈ పాఠంలో ఫైళ్ల పేర్లను తెలుగు అక్షరాలలోనే చెబుతున్నాను. మీరు కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేసుకోండి. అలా ఎందుకు చేయాలో పాఠం మధ్యలో మీకే అర్థమవుతుంది.

ఒక కళాశాలలో జరిగిన సంగతి

కొన్నేళ్ల కిందట ఒక డిగ్రీ కళాశాలలో నలుగురు విద్యార్థులు చివరి సంవత్సరం ప్రాజెక్టుగా కాకతీయుల కాలం నాటి చెరువుల మీద ఒక వెబ్‌సైటు తయారుచేశారు. ఆ ప్రాజెక్టుకు మార్గదర్శకుణ్ణి నేను. వాళ్లు రామప్ప, లక్నవరం, పాఖాల చెరువులకు వెళ్లి కట్టలు, తూములు, అలుగులు చూశారు. చెరువు కింది పొలాలకు వంతులవారీగా నీళ్లు వదిలే నీరటివాళ్లతో మాట్లాడారు. మొత్తం 42 ఫొటోలు ఎంచి పుటల్లో పెట్టారు. కళాశాల కంప్యూటరులో తెరిచి చూస్తే అన్నీ చక్కగా కనిపించాయి.

పరీక్షకుడు రావలసిన ముందు రోజు మధ్యాహ్నం ఆ ఫైళ్లన్నిటినీ ఉచితంగా చోటిచ్చే ఒక సర్వరుకు ఎక్కించారు. ఉత్సాహం కొద్దీ, ఫొటోలు తీయించుకున్నవాళ్ల ఇళ్లకు ఆ చిరునామా పంపారు. పది నిమిషాలు గడిచాయో లేదో, ఒక నీరటి మనవడు బృందంలోని అమ్మాయికి ఫోను చేశాడు. "అక్కా, మా తాత ఫొటో ఏదీ? ఉత్త డబ్బ కనబడుతుంది" అన్నాడు. ఆ డబ్బాలో "తూము దగ్గర నీరటి తాత" అన్న అక్షరాలు మాత్రం ఉన్నాయి. బొమ్మ రానప్పుడు దాని బదులు చూపించడానికి రాసిపెట్టుకున్న వివరణ అది.

ఆ అమ్మాయి నా గదికి పరుగున వచ్చింది. "సార్, ఫొటోలన్నీ పోయాయి" అంది. ఇద్దరం సర్వరులోకి వెళ్లి లెక్కపెట్టాం. 42 ఫైళ్లూ క్షేమంగా ఉన్నాయి. వాటికి వెళ్లవలసిన దారి మాత్రం తప్పుగా రాసి ఉంది. ఆ సాయంత్రం మేం ఒకటి తరువాత ఒకటిగా నాలుగు తప్పులు పట్టుకున్నాం. ఆ నాలుగూ అర్థమైతే ఈ పాఠం అర్థమైనట్టే. వాటి దగ్గరికి వెళ్లే ముందు కొంత పునాది వేసుకుందాం.

స్థిర వెబ్‌సైటు అంటే ఏమిటి?

వెబ్‌సైటులు స్థూలంగా రెండు విధాలు. రైలు టికెట్ల సైటు వంటి వాటిలో మనం అడిగిన ప్రతిసారీ సర్వరు అప్పటికప్పుడు పుటను తయారుచేసి పంపుతుంది. స్థిర వెబ్‌సైటులో అలా ఉండదు. పుటలన్నీ ముందే తయారై, మామూలు ఫైళ్లుగా ఒక ఫోల్డరులో ఉంటాయి. ఎవరు అడిగినా సర్వరు ఆ ఫైలును ఉన్నదున్నట్టు పంపుతుంది. టిమ్ బర్నర్స్-లీ స్విట్జర్లండులోని సెర్న్ పరిశోధన కేంద్రంలో రూపొందించి, 1991లో బయటి ప్రపంచానికి అందించిన మొట్టమొదటి వెబ్‌సైటు ఇటువంటిదే. పాఠశాల సైటుకు, గ్రామ చరిత్రకు, ప్రాజెక్టు నివేదికకు ఇప్పటికీ ఇదే తేలిక, ఇదే చవక.

పుటలో మనకు కనిపించేదంతా ఒకే ఫైలులో ఉండదు. హెచ్‌టిఎంఎల్ ఫైలులో అక్షరాలు మాత్రమే ఉంటాయి. రంగులు, అమరిక సిఎస్ఎస్ అనే శైలి ఫైలులో ఉంటాయి. కదలికలకు జావాస్క్రిప్టు ఫైలు, బొమ్మలకు వేరువేరు బొమ్మ ఫైళ్లు ఉంటాయి. ఇటువంటి తోడు ఫైళ్లన్నిటినీ కలిపి అసెట్లు అంటారు. 1993లో వచ్చిన మొజాయిక్ బ్రౌజరు బొమ్మలను అక్షరాల మధ్యనే చూపించడాన్ని జనసామాన్యంలోకి తెచ్చింది. అప్పటినుంచి పుట అంటే ఒక ఫైలు కాదు, ఫైళ్ల కుటుంబం అయింది.

బ్రౌజరు ముందుగా హెచ్‌టిఎంఎల్ ఫైలును తెచ్చుకుంటుంది. దాన్ని చదువుతూ, "ఇక్కడ ఫలానా బొమ్మ" అన్న ఆదేశం కనబడగానే ఆ బొమ్మ కోసం సర్వరుకు మళ్లీ విడిగా అభ్యర్థన పంపుతుంది. ఒక పుటలో పది బొమ్మలుంటే పది అభ్యర్థనలు వెళతాయి. అడిగిన చోట ఫైలు లేకపోతే సర్వరు 404 అనే సంఖ్యతో "దొరకలేదు" అని జవాబిస్తుంది. సర్వరు మన కోసం వెతికిపెట్టదు. అడిగిన చిరునామాలో ఉంటే ఇస్తుంది, లేకపోతే లేదంటుంది. కాబట్టి చిరునామా సరిగా రాసే బాధ్యత పూర్తిగా మనదే.

చిరునామాలు మూడు రకాలు

ఊళ్లో చిరునామా ఎలా చెబుతామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పక్కింటివారితో "మా ఎడమ సందులో మూడో ఇల్లు" అంటాం. ఊరి పోస్టుమ్యానుతో "ఇంటి నంబరు 4-27" అంటాం. వేరే రాష్ట్రం నుంచి ఉత్తరం రావాలంటే ఊరు, జిల్లా, ఆరు అంకెల పిన్‌కోడు, అన్నీ రాస్తాం. ఇల్లు ఒకటే. చెప్పే చోటును బట్టి చెప్పే తీరు మారింది. వెబ్‌లోనూ అచ్చంగా ఈ మూడు తీరులు ఉన్నాయి.

మొదటిది పూర్తి చిరునామా. ఉదాహరణకు: హెచ్‌టిటిపిఎస్://ఉదాహరణ.కామ్/చెరువులు/బొమ్మలు/రామప్ప.జెపిజి. దీన్ని ప్రపంచంలో ఎక్కడినుంచి చదివినా ఒకే చోటికి వెళుతుంది. కాని రేపు సైటు పేరు మారితే ప్రతి పుటలోనూ దిద్దుకోవాలి.

రెండవది మూలం నుంచి చెప్పే చిరునామా. ఇది స్లాష్ అనే ఏటవాలు గీతతో మొదలవుతుంది: /చెరువులు/బొమ్మలు/రామప్ప.జెపిజి. మొదటి స్లాష్‌కు "ఈ సైటు మొత్తానికి పై గడప నుంచి మొదలుపెట్టు" అని అర్థం. ఇంటి నంబరు ఊరి లోపల పనిచేసినట్టే ఇది ఆ సైటు లోపల ఏ పుటలో రాసినా పనిచేస్తుంది.

మూడవది సాపేక్ష చిరునామా: బొమ్మలు/రామప్ప.జెపిజి. దీని ముందు స్లాష్ లేదు. అంటే "నేనున్న చోటి నుంచి మొదలుపెట్టు" అని అర్థం. ఒక అంతస్తు పైకి వెళ్లాలంటే రెండు చుక్కలు, ఒక స్లాష్ రాస్తాం: ../బొమ్మలు/రామప్ప.జెపిజి. రెండు అంతస్తులు వెళ్లాలంటే ../../ అని రాస్తాం. ఈ రెండు చుక్కల వాడుక వెబ్ కంటే పాతది, యూనిక్స్ వంటి వ్యవస్థల నుంచి వచ్చింది.

బ్రౌజరు చేసే లెక్క

సాపేక్ష చిరునామాను పూర్తి చిరునామాగా మార్చే నియమాలను రాయ్ ఫీల్డింగ్ 1995లో ఒక ప్రమాణ పత్రంగా రాశారు. టిమ్ బర్నర్స్-లీ, ఫీల్డింగ్, లారీ మాసింటర్ 2005 జనవరిలో దాన్ని సవరించి, ఆర్ఎఫ్‌సి 3986 అనే పత్రంలో చేర్చారు. ఈ లెక్కను కాగితం మీద మీరూ చేయవచ్చు. పెన్సిల్ తీసుకోండి.

మన ప్రాజెక్టు ఫోల్డరు పేరు చెరువులు. అందులో నేరుగా ఇండెక్స్.హెచ్‌టిఎంఎల్ ఉంది. దాని పక్కనే మూడు ఫోల్డర్లు: పుటలు, బొమ్మలు, శైలి. పుటలు ఫోల్డరులో రామప్ప.హెచ్‌టిఎంఎల్ ఉంది. బొమ్మలు ఫోల్డరులో రామప్ప.జెపిజి ఉంది. శైలి ఫోల్డరులో ప్రధాన.సిఎస్ఎస్ ఉంది.

ఇప్పుడు పాఠకుడు చూస్తున్న పుట చిరునామా ఇది: ఉదాహరణ.కామ్/చెరువులు/పుటలు/రామప్ప.హెచ్‌టిఎంఎల్. ఆ పుటలో మనం రాసింది: ../బొమ్మలు/రామప్ప.జెపిజి.

మొదటి మెట్టు: పుట చిరునామాలో చివరి స్లాష్ వరకు ఉంచి, దాని తరువాతిది కొట్టివేయండి. మిగిలేది ఉదాహరణ.కామ్/చెరువులు/పుటలు/.

రెండవ మెట్టు: మనం రాసినదాన్ని దానికి తగిలించండి. ఉదాహరణ.కామ్/చెరువులు/పుటలు/../బొమ్మలు/రామప్ప.జెపిజి వస్తుంది.

మూడవ మెట్టు: రెండు చుక్కలు కనబడిన ప్రతిచోటా, వాటినీ వాటి ముందున్న ఫోల్డరునూ కలిపి కొట్టివేయండి. పుటలు పోయింది. మిగిలినది ఉదాహరణ.కామ్/చెరువులు/బొమ్మలు/రామప్ప.జెపిజి. మనకు కావలసింది ఇదే.

ఇందులో ముఖ్యమైన విషయం ఒకటి గమనించాలి. ఈ లెక్క మొత్తం పాఠకుడి బ్రౌజరులో, చిరునామా పెట్టెలో కనిపించే అక్షరాల మీద జరుగుతుంది. మీ కంప్యూటరులో ఫైలు ఏ డ్రైవులో ఉందో బ్రౌజరుకు అనవసరం. కాబట్టి దారి రాసేటప్పుడు మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: దీన్ని ఎక్కడ నిలబడి చదువుతారు? పాఠం అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది.

మొదటి తప్పు: సొంత కంప్యూటరు దారి

మా విద్యార్థుల ప్రాజెక్టుకు తిరిగి వద్దాం. ఒక పుటను తెరిచి, బొమ్మ దగ్గర ఏం రాసి ఉందో చూశాం. "ఫైల్" అన్న మాటతో మొదలై, డి డ్రైవు, ప్రాజెక్టు ఫోల్డరు మీదుగా సాగే పొడుగాటి చిరునామా ఉంది. పుటను కూర్చడానికి వాడిన సాఫ్ట్‌వేరు, మౌసుతో బొమ్మను లాగి పెట్టినప్పుడు దాన్ని అలా రాసుకుంది. కళాశాల కంప్యూటరులో ఆ డ్రైవూ ఆ ఫోల్డరూ ఉన్నాయి కనుక అక్కడ బొమ్మలు కనిపించాయి. నీరటి మనవడి ఫోనులో డి డ్రైవు ఎక్కడినుంచి వస్తుంది?

తయారుచేసినవారి కంప్యూటరులో మాత్రమే పనిచేయడం ఈ తప్పు లక్షణం. అందుకే చేసినవారికి ఇది ఎప్పటికీ కనబడదు. ఎదుటివారు చెబితేనే తెలుస్తుంది.

రెండవ తప్పు: మొదటి స్లాష్

బృందంలోని ఒక విద్యార్థి వెంటనే అన్ని చోట్లా దిద్ది, /బొమ్మలు/రామప్ప.జెపిజి అని మూలం నుంచి చెప్పే పద్ధతిలో రాశాడు. కళాశాల కంప్యూటరులో ఒక చిన్న పరీక్షా సర్వరు నడిపి చూశాం. 42 బొమ్మలూ వచ్చాయి. మళ్లీ ఎక్కించాం. అసలు సర్వరులో ఒక్కటీ రాలేదు.

కారణం ఏమిటి? పరీక్షా సర్వరులో చెరువులు ఫోల్డరే పై గడప. అసలు సర్వరులో మన సైటు ఒక పెద్ద చిరునామా లోపల ఒక గది మాత్రమే. ఉదాహరణ.కామ్ తరువాత చెరువులు, ఆ తరువాతే మన ఫైళ్లు. కాని స్లాష్‌తో మొదలుపెట్టినప్పుడు బ్రౌజరు నేరుగా ఉదాహరణ.కామ్ గడప దగ్గరికి వెళ్లి, అక్కడ బొమ్మలు ఫోల్డరు కోసం అడిగింది. అక్కడ అది లేదు.

ఈ పరిస్థితి అరుదైనదేమీ కాదు. విద్యార్థులు ఎక్కువగా వాడే గిట్‌హబ్ పేజెస్ సేవ 2008లో మొదలైంది. అందులో ఒక ప్రాజెక్టు సైటు సాధారణంగా వాడుకరి చిరునామా కింద, ఆ ప్రాజెక్టు పేరుతో ఉన్న మెట్టులో ఉంటుంది. అక్కడ కూడా స్లాష్‌తో మొదలయ్యే దారి ప్రాజెక్టును దాటి పైకి పోతుంది. కళాశాల సైటులో ఒక శాఖకు ఇచ్చిన ఫోల్డరుకూ ఇదే వర్తిస్తుంది. సైటు ఏ మెట్టు మీద కూర్చుంటుందో ముందుగా తెలియనప్పుడు సాపేక్ష చిరునామాయే క్షేమం.

చివరకు అన్నిటినీ సాపేక్షంగా మార్చాం. ఇండెక్స్ పుటలో బొమ్మలు/ అనీ, పుటలు ఫోల్డరులోని వాటిలో ../బొమ్మలు/ అనీ రాశాం. ఈసారి 31 బొమ్మలు వచ్చాయి. ఇంకా 11 రాలేదు.

మూడవ తప్పు: పెద్ద అక్షరం, చిన్న అక్షరం

రాని 11 ఫొటోలూ ఒకే కెమెరాలో తీసినవి. డిజిటల్ కెమెరాలు ఫైలు పేరు చివరి జెపిజి అన్న మూడు అక్షరాలను చాలావరకు ఇంగ్లీషు పెద్ద బడిలో రాస్తాయి. మా వాళ్లు పుటలో చిన్న బడిలో రాశారు. విండోస్‌లో ఈ రెండూ ఒకటే. చిన్న బడిలో అడిగినా పెద్ద బడిలో ఉన్న ఫైలును తెచ్చిస్తుంది. మ్యాక్ కంప్యూటర్లు కూడా మామూలు అమరికలో అంతే. కాని వెబ్ సర్వర్లలో ఎక్కువగా నడిచే లినక్సుకు అవి రెండు వేరువేరు పేర్లు. అది ఒక్క అక్షరం తేడాను కూడా క్షమించదు.

ఈ తప్పు విండోస్ కంప్యూటరులో పరీక్షా సర్వరు నడిపినా బయటపడదు. అందుకని దీనికి పరీక్ష కంటే అలవాటే మందు. ప్రతి ఫైలు పేరూ, ప్రతి ఫోల్డరు పేరూ చిన్న అక్షరాలలోనే పెట్టుకోవాలి. పేరులో ఖాళీ వదలకుండా మాటల మధ్య అడ్డగీత పెట్టుకోవాలి. ఖాళీని చిరునామాలో నేరుగా రాయడానికి వీల్లేదు. దాని బదులు శాతం గుర్తు, 20 అన్న అంకె వచ్చి చేరతాయి. అది చదవడానికీ, ఒకరికి చెప్పడానికీ ఇబ్బంది.

"ఫైలు పేరు తెలుగులో పెట్టకూడదా?" అని మీరు అడగవచ్చు. పెట్టవచ్చు, పనిచేస్తుంది. కాని చిరునామాను సర్వరుకు పంపేటప్పుడు ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లుగా, ఒక్కో బైటు మూడు గుర్తులుగా మారుతుంది. "తెలుగు" అన్న మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 సంకేతాలున్నాయి. అది చిరునామాలో 54 గుర్తుల బారు అవుతుంది. దాన్ని వేరొకచోట అతికించినప్పుడు చదవడం, పొరపాటు పట్టుకోవడం కష్టం. కాబట్టి ఫైలు పేరును ఇంగ్లీషు చిన్న అక్షరాలలో పెట్టుకోండి. తెలుగును పాఠకుడు చూసే చోట, అంటే శీర్షికలో, ఫొటో కింది మాటలో, బొమ్మ బదులు కనిపించే వివరణలో నిండుగా రాయండి. ఆ మనవడి ఫోనులో "తూము దగ్గర నీరటి తాత" అన్న వివరణ కనబడబట్టే అతను ఏ ఫొటో రాలేదో చెప్పగలిగాడు. చూపు లేనివారికి పుటను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు కూడా ఆ వివరణనే చదువుతుంది.

ఇదే సందర్భంలో ఇంకొక చిన్న తేడా. విండోస్‌లో ఫోల్డర్ల మధ్య వెనక్కి వాలిన గీత కనిపిస్తుంది. 1983లో వచ్చిన ఎంఎస్-డాస్ రెండవ రూపంలో ఫోల్డర్ల ఏర్పాటు మొదలైంది. అప్పటికే ముందుకు వాలిన గీతను ఆదేశాల ఐచ్ఛికాలకు వాడుతుండటంతో దీన్ని ఎంచుకున్నారు. వెబ్‌లో మాత్రం ఎప్పుడూ ముందుకు వాలిన గీతే. వెనక్కి వాలిన గీతను బ్రౌజర్లు కొన్నిచోట్ల సర్దుకుంటాయి గాని, శైలి ఫైలులో దానికి వేరే అర్థం ఉంది. అక్కడ దారి తప్పుతుంది.

నాలుగవ తప్పు: శైలి ఫైలులోని దారి

పేర్లన్నీ సరిచేశాక 42 ఫొటోలూ వచ్చాయి. కాని పుట పైభాగంలో పరదాలా ఉండవలసిన పాఖాల చెరువు నేపథ్య చిత్రం రాలేదు. అది హెచ్‌టిఎంఎల్‌లో లేదు, ప్రధాన.సిఎస్ఎస్‌లో ఉంది. అందులో బొమ్మలు/పాఖాల.జెపిజి అని రాశారు. "ఇండెక్స్ పుటలో ఇదే దారి పనిచేస్తోంది కదా సార్" అన్నారు.

మన ప్రశ్నను మళ్లీ వేసుకుందాం. దీన్ని ఎక్కడ నిలబడి చదువుతారు? శైలి ఫైలులో రాసిన దారిని బ్రౌజరు ఆ శైలి ఫైలు ఉన్నచోటు నుంచి లెక్కిస్తుంది, పుట ఉన్నచోటు నుంచి కాదు. ప్రధాన.సిఎస్ఎస్ శైలి ఫోల్డరులో ఉంది. కాబట్టి బ్రౌజరు చెరువులు/శైలి/బొమ్మలు/ అన్న, లేని ఫోల్డరును అడిగింది. ../బొమ్మలు/పాఖాల.జెపిజి అని దిద్దగానే అన్ని పుటలలోనూ నేపథ్యం వచ్చింది. ఈ నియమంలో ఒక సదుపాయం ఉంది. ఏ లోతులో ఉన్న పుట ఆ శైలి ఫైలును పిలిచినా, అందులోని దారులు మారవు.

జావాస్క్రిప్టు దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక స్క్రిప్టు పుటలోకి బొమ్మనో, సమాచారపు ఫైలునో తెప్పించేటప్పుడు రాసే సాపేక్ష దారిని సాధారణంగా పుట చిరునామా నుంచే లెక్కిస్తారు. ఒక మాడ్యూలు ఇంకొక మాడ్యూలును దిగుమతి చేసుకునేటప్పుడు మాత్రం ఆ మాడ్యూలు ఫైలు నుంచి లెక్క.

చివరి స్లాష్ సంగతి

ఆ సాయంత్రం మాకు ఎదురుకాకపోయినా, మీకు ఎదురయ్యే అవకాశం ఉన్న విషయం ఇంకొకటి ఉంది. కొన్ని సైటులలో పుట చిరునామా చివర హెచ్‌టిఎంఎల్ అన్న తోక ఉండదు. /పుటలు/రామప్ప అని ఒకచోట, /పుటలు/రామప్ప/ అని ఇంకొకచోట కనిపిస్తుంది. చూడటానికి రెండూ ఒకటే. కాని మన లెక్కలోని మొదటి మెట్టును గుర్తు తెచ్చుకోండి. చివరి స్లాష్ తరువాతిది కొట్టివేయాలి. మొదటిదానిలో రామప్ప పోయి /పుటలు/ మిగులుతుంది. రెండవదానిలో కొట్టివేయడానికి ఏమీ లేదు, /పుటలు/రామప్ప/ పూర్తిగా మిగులుతుంది. కాబట్టి ఒకే సాపేక్ష దారి రెండు వేరువేరు చోట్లకు తీసుకుపోతుంది. మీ సర్వరు ఏ రూపాన్ని వాడుతుందో చూసుకుని, లింకులలో ఎప్పుడూ ఆ ఒక్క రూపమే రాయండి.

ఒకే చోట మార్చే వీలు

పుటలు పది దాటితే ప్రతిదానిలోనూ చేతితో చుక్కలు లెక్కపెట్టడం విసుగు. దీనికి రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది హెచ్‌టిఎంఎల్‌లోని బేస్ అనే ఆదేశం. పుట శిరోభాగంలో దీన్ని ఒకసారి రాస్తే, ఆ పుటలోని సాపేక్ష దారులన్నీ అది చెప్పిన చోటు నుంచే మొదలవుతాయి. కాని అది బొమ్మలతోపాటు లింకులన్నిటికీ వర్తిస్తుంది. అదే పుటలో కింది భాగానికి దూకే లింకులు కూడా దారి తప్పవచ్చు. తెలిసి వాడితే మంచిది, తెలియక వాడితే కొత్త చిక్కు.

రెండవది స్థిర సైటులను తయారుచేసే సాఫ్ట్‌వేర్లు. జెకిల్ 2008లోనూ, హ్యూగో 2013లోనూ వచ్చాయి. వీటిలో సైటు ఏ మెట్టు మీద ఉంటుందో అమరికల ఫైలులో ఒకచోట రాస్తాం. పుటలలో దారులు రాసేటప్పుడు ఆ సాఫ్ట్‌వేరు ఇచ్చిన సూత్రాన్ని వాడితే, ముందు భాగాన్ని అదే తగిలిస్తుంది. సైటు వేరే చోటికి మారితే ఆ ఒక్క పంక్తిని మార్చి, పుటలను మళ్లీ తయారుచేసుకుంటే చాలు. సూత్రాన్ని వాడకుండా నేరుగా స్లాష్‌తో దారి రాస్తే మాత్రం రెండవ తప్పు మళ్లీ తలెత్తుతుంది.

పాటించవలసిన అలవాట్లు

ఒకటి. పుటను రెండుసార్లు నొక్కి నేరుగా తెరిచి, అంతా బాగుందనుకోవద్దు. అలా తెరిచినప్పుడు మొదటి స్లాష్‌కు అర్థం సైటు గడప కాదు, డిస్కు గడప. చిన్న పరీక్షా సర్వరు నడపండి. పైథాన్ 3 ఉన్న కంప్యూటరులో పైథాన్‌తోపాటు వచ్చే హెచ్‌టిటిపి.సర్వర్ అన్న భాగం ఇందుకు సరిపోతుంది. అది మామూలుగా లోకల్‌హోస్ట్:8000 అన్న చిరునామాలో పుటలను చూపిస్తుంది.

రెండు. ఆ సర్వరును ప్రాజెక్టు ఫోల్డరు నుంచి కాక, దాని పై ఫోల్డరు నుంచి ఒకసారి నడపండి. అప్పుడు మీ సైటు లోకల్‌హోస్ట్:8000/చెరువులు/ అన్న మెట్టు మీద కూర్చుంటుంది. అసలు సర్వరులో వచ్చే పరిస్థితి ఇంట్లోనే కనబడుతుంది.

మూడు. చాలా బ్రౌజర్లలో ఎఫ్12 మీట నొక్కితే అభివృద్ధి పరికరాలు తెరుచుకుంటాయి. అందులో నెట్‌వర్క్ అన్న భాగంలో బ్రౌజరు అడిగిన ప్రతి చిరునామా, వచ్చిన జవాబు కనిపిస్తాయి. 404 కనబడిన చోట, బ్రౌజరు అడిగిన పూర్తి చిరునామాను చదవండి. తప్పు ఎక్కడ ఉందో చాలాసార్లు అదే చెబుతుంది.

నాలుగు. ఎక్కించిన తరువాత మీ కంప్యూటరులో కాక, వేరొకరి ఫోనులో తెరిచి చూడండి. ఆ తరువాతే చిరునామా పదిమందికి పంపండి.

అభ్యాసం

జవాబులు చూడకుండా కాగితం మీద లెక్క చేయండి.

మొదటి ప్రశ్న: చెరువులు/పుటలు/గ్రామాలు/ఒకటి.హెచ్‌టిఎంఎల్ అన్న పుట నుంచి చెరువులు/బొమ్మలు/అలుగు.జెపిజికి సాపేక్ష దారి ఏది?

రెండవ ప్రశ్న: ఉదాహరణ.కామ్/చెరువులు/ కింద ఉన్న సైటును, దానికే సొంతంగా కొన్న కొత్త పేరు గడపకు మార్చారు. సాపేక్ష దారులలో ఎన్ని దిద్దుకోవాలి? /చెరువులు/ అని మొదలయ్యే దారులలో ఎన్ని దిద్దుకోవాలి?

మొదటిదానికి జవాబు ../../బొమ్మలు/అలుగు.జెపిజి. రెండవదానికి జవాబు: సైటు లోపలి అమరిక మారలేదు కనుక సాపేక్ష దారులలో ఒక్కటీ దిద్దనక్కరలేదు. /చెరువులు/ అని మొదలయ్యేవన్నీ దిద్దుకోవాలి.

ముగింపు

ఆ రోజు రాత్రి తొమ్మిది గంటలకు మా పని పూర్తయింది. ఆ అమ్మాయి నీరటి మనవడికి తనే ఫోను చేసి, మళ్లీ తెరిచి చూడమంది. కొంతసేపటికి అతను, "వచ్చిందక్కా, తాతకు చూపించిన" అన్నాడు. మరునాడు పరీక్షకుడు కూడా చూశాడు, మార్కులు వేశాడు. కాని మా విద్యార్థులు ఎక్కువగా చెప్పుకున్నది ఆ ఫోను గురించే.

ఒకసారి పదిమందికి ఇచ్చిన చిరునామాను మార్చకుండా కాపాడుకోవడం సైటు నడిపేవారి బాధ్యత అని టిమ్ బర్నర్స్-లీ 1998లో ఒక వ్యాసంలో వివరంగా రాశారు. మీరు పెట్టిన బొమ్మను ఎవరో తమ ఫోనులో దాచుకుంటారు, ఎవరో వేరొకరికి పంపుతారు. రేపు ఫోల్డరు పేరు బాగాలేదని మార్చితే వాళ్ల దారి మూసుకుపోతుంది. అందుకని పేర్లు పెట్టేటప్పుడే ఆలోచించి పెట్టండి. దారి రాసిన ప్రతిసారీ, దీన్ని ఎక్కడ నిలబడి చదువుతారని ఒక్క క్షణం ఆగి ప్రశ్నించుకోండి.